అసలు పోదు, వడ్డీ రాదు

1960 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం ఒక విచిత్రమైన కాగితాన్ని అమ్మకానికి పెట్టింది. పేరు ప్రైజ్ బాండ్. ఐదు రూపాయలది ఒకటి, వంద రూపాయలది ఒకటి. కొని ఐదేళ్లు దాచుకుంటే పెట్టింది పెట్టినట్టు తిరిగిస్తారు, పైసా వడ్డీ ఉండదు. మధ్యమధ్యలో డ్రాలు తీస్తారు, మన నంబరు తగిలితే బహుమతి. అప్పటి ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్. మద్యనిషేధం కోసం అంత పట్టుబట్టిన మనిషి హయాంలో సర్కారువారి లక్కీ డ్రా రావడం నాకు తమాషాగానే ఉంటుంది.

బ్రిటన్ అంతకు నాలుగేళ్ల ముందే ఈ దారి తొక్కింది. 1956 బడ్జెట్‌లో హెరాల్డ్ మాక్‌మిలన్ ప్రీమియం బాండ్లు ప్రకటిస్తే, ప్రతిపక్షంలో ఉన్న హెరాల్డ్ విల్సన్ దేశం బతుకు ఒక చవకబారు లాటరీ మీదికి వచ్చిందా అని ఎద్దేవా చేశాడు. తర్వాత ఆయనే ప్రధాని అయ్యాడు, బాండ్లు మాత్రం కదల్లేదు. ఇప్పటికీ అక్కడ ప్రతి నెలా డ్రా తీస్తారు. బంగ్లాదేశ్‌లో వంద టాకాల ప్రైజ్ బాండ్ ఇంకా నడుస్తోంది, ఏడాదికి నాలుగు డ్రాలు. మన దగ్గరే అవి పాత నోట్లు సేకరించేవాళ్ల ఆల్బమ్‌లలోకి వెళ్లిపోయాయి.

వీటిని సమర్థించేవాళ్లు చెప్పేది ఒకటే. లాటరీ టికెట్ కొంటే అసలు పోతుంది, ఇందులో పోదు, కాబట్టి ఇది జూదం కాదు. వినడానికి బాగుంది. కానీ బహుమతి డబ్బు ఆకాశం నుంచి ఊడిపడదు కదా. నాకు రావాల్సిన వడ్డీ, నీకు రావాల్సిన వడ్డీ, లక్షమందికి రావాల్సిన వడ్డీ ఒకచోట కుప్పపోసి కొద్దిమంది చేతిలో పెట్టడమే ఆ బహుమతి. మనం ఆడుతున్నాం, పందెం మాత్రం వడ్డీ. పైగా ఐదేళ్ల తర్వాత చేతికొచ్చే వంద, ఐదేళ్ల కిందటి వంద కాదు.

లెస్టర్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు పోయినేడు ఇదే అడిగింది. అక్కా బావా ఇద్దరికీ ప్రీమియం బాండ్లున్నాయి. ఒక్కొక్కరికి 50,000 పౌండ్ల పరిమితి, ఆమెది దానికి దగ్గర్లోనే ఉంది. "ఇవి ఉంచుకోనా, తీసేసి షామీర్‌పేట వైపు ఒక ప్లాట్ మీద పెట్టనా? నువ్వక్కడే ఉన్నావు కదా, చెప్పు." నేనుండేది మేడ్చల్లో, ఉద్యోగం షామీర్‌పేట దగ్గర. రోజూ చూసే దారే. ప్లాట్ల గురించి నాకు తెలిసిందల్లా హోర్డింగుల మీది ధరలే. బాండ్ల సంగతే లెక్కేసి చూశాను.

అప్పటి లెక్క ప్రకారం ఒక్కో పౌండు బాండుకి నెలకి 22,000లో ఒక అవకాశం. యాభై వేలు పెట్టినవాళ్లకి ఏడాదికి సగటున 27 బహుమతులు, అంటే నెలకి రెండు. చాలావరకు చిన్నచిన్నవే, కానీ వస్తూనే ఉంటాయి. పన్ను లేదు. అక్కకి అది డ్రా వేషం వేసుకున్న వడ్డీ. అదే వెయ్యి పౌండ్లు పెట్టినవాళ్లు వందమంది ఉంటే, వాళ్లలో దాదాపు 58 మందికి ఏడాదంతా ఏమీ రాదు. వంద పౌండ్లవాళ్లకి సగటున పద్దెనిమిదేళ్లకొక బహుమతి. బాండు అదే, నిబంధనలు అవే, ప్రతి పౌండుకీ సమాన అవకాశమే. అయినా డబ్బున్నవాడికి అది ఆదాయం, లేనివాడికి ఎదురుచూపు. ఈ పథకం మీద నాకున్న అసలు అభ్యంతరం ఇదే. మోసం ఎక్కడా లేదు. సమానంగా పంచిన అదృష్టం కూడా ఇలా రెండు రకాలుగా పనిచేస్తుంది.

అక్కకి ఉంచుకోమనే చెప్పాను. ఆమె విషయంలో పెద్ద నైతిక ప్రశ్న ఏమీ లేదు.

ప్రశ్న ఉన్నది మేడ్చల్లో మా జాకెట్లు కుట్టే ఆమె విషయంలో. నగరం చుట్టూ కొత్త జబ్బొకటి పాకింది కదా, అమ్ముడుపోని జాగానో ఇల్లో పెట్టి ఐదొందల కూపన్లు అమ్మి డ్రా తీయడం. సర్కారు అనుమతి లేకుండా ఇలా లాటరీ నడపడం నేరం. అది ఆమెకి చెప్తే మిషన్ ఆపకుండానే అంది: "పోతే ఐదొందలే గదక్కా. వస్తే జాగ." మహిళా సంఘంలో నెలనెలా పొదుపు కడుతుంది, ఏ నెలా తప్పదు. లెక్క తెలియని మనిషి కాదు. కొలత ఒకసారి చెబితే మళ్లీ అడగదు.

ఆమె వైపు నుంచి ఆలోచిస్తే నా అభ్యంతరం కొంచెం తడబడుతుంది. ఆ ఐదొందలు పోస్టాఫీసు పొదుపు ఖాతాలో వేస్తే నాలుగు శాతం లెక్కన ఏడాదికి ఇరవై రూపాయలు. ఇరవై రూపాయలతో ఎవరి బతుకూ మారదు. చిన్న డబ్బు మీద వడ్డీ ఉన్నా లేనట్టే, కంటికి ఆనదు. కానీ అలాంటి లక్షమంది ఇరవైలు కలిపితే ఇరవై లక్షలు. ఒకరికి జాగ, ఇంకొకరికి కూతురి ఇంజనీరింగ్ ఫీజు. మిగతావాళ్ల ఐదొందలు వాళ్లకే ఉంటాయి. ఇరవై రూపాయలు వదులుకుని ఏడాదంతా 'ఏమో, రావచ్చు' అనుకునే హక్కు కొనుక్కుంటానంటే, నెల జీతం మీద కూర్చున్న నేను వద్దనడానికి ఎవర్ని? సినిమా టికెట్‌కి అంతకంటే ఎక్కువ పెడతాం, ఎవరూ మనకి నీతులు చెప్పరు.

అయితే ఆ ఐదొందలు ఏ జేబులోంచి వస్తున్నాయన్నది ముఖ్యం. కూపన్ డబ్బు బాండులోకి వస్తే ఆమెకి లాభమే, అసలు మిగులుతుంది. సంఘం పొదుపు బాండులోకి వస్తే నష్టం. సంఘంలో ఆమెకి వడ్డీ ఒక్కటే రాదు, అవసరానికి అప్పూ పుడుతుంది. బాండు అప్పివ్వదు. ఏ ప్రకటన కూడా ఈ రెండు జేబులకీ తేడా చూపించదు. సర్కారువారి ముద్ర ఉంది కాబట్టి నమ్మకంగా రెండోదే ఖాళీ అవుతుందని నా భయం.

మనకి చిట్టీ ఉండగా ఈ బాండ్లు ఇక్కడ ఎందుకు నిలబడాలి అని కూడా అనిపిస్తుంది. చిట్టీలో పెద్ద మొత్తం అందరికీ ఒకసారి వస్తుంది. తేడా ఎప్పుడు అన్నదే. తొందరున్నవాళ్లు పాట పెంచి, తగ్గించుకుని ఎత్తుకుంటారు, ఆ తగ్గింపు మిగతావాళ్లు పంచుకుంటారు. అదృష్టం స్థానంలో అవసరం ఉంటుంది. నడిపేవాడు పారిపోతాడన్న భయం ఎప్పుడూ ఉండేదే, అందుకే 1982లో చిట్‌ఫండ్ చట్టం వచ్చింది. కానీ ఆలోచనగా చూస్తే చిట్టీయే మర్యాదైనది. నలుగురి డబ్బుతో ఒకరు ఎదిగినా, మిగతా ముగ్గురి వంతు కూడా వస్తుంది.

ప్రభుత్వం ప్రజల్ని ఆశతో ఆడించకూడదు అనే వాదన ఒకటి ఉంది. తెలంగాణలో కూర్చుని అది వింటే నవ్వొస్తుంది. 2025లో 2,620 మద్యం దుకాణాలకి డ్రా తీశారు. దరఖాస్తు రుసుము మూడు లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగివ్వరు. తొంభై ఐదు వేల చిల్లర దరఖాస్తులు, ఖజానాకి రెండు వేల ఎనిమిది వందల కోట్ల పైచిలుకు. దీన్ని ఎవరూ లాటరీ అనలేదు, ఎక్సైజ్ పాలసీ అన్నారు. అసలు కూడా మింగేసే డ్రా నడిపే సర్కారుకి అసలు తిరిగిచ్చే డ్రా నడపడానికి నైతికంగా అడ్డేముంటుంది?

ఆచరణలో అడ్డంకులున్నాయి. పాకిస్తాన్‌లో పేరులేని ప్రైజ్ బాండ్లు చేతులు మారి నల్లడబ్బుకి దాపు అయ్యాయి. గెలిచిన బాండుని ఎక్కువిచ్చి కొనుక్కుంటే దొంగ సంపాదనకి లెక్క దొరుకుతుంది. 2019 నుంచి పెద్ద విలువలవి ఒక్కొక్కటే రద్దు చేసుకుంటూ వచ్చారు. మన దగ్గర మళ్లీ తెస్తే పేరుమీదే ఇవ్వాలి. గెలుపు మీద 30 శాతం పన్ను వేసే ఇప్పటి పద్ధతి పెడితే అందరి వడ్డీతో ఇచ్చిన బహుమతిలో దాదాపు మూడో వంతు మళ్లీ ఖజానాకే పోతుంది. నన్నడిగితే అన్నిటికంటే ముందు పరిమితి పెట్టాలి. యాభై వేల పౌండ్లలా కాదు, మనిషికి ఐదు వేల రూపాయలు, అంతే. అప్పుడు వడ్డీలాగా వాడుకునేవాళ్లు తప్పుకుంటారు. ఎదురుచూసేవాళ్లు ఎదురుచూసేవాళ్లతోనే ఆడతారు.

అంత చిన్న పథకం ఏ ఆర్థిక శాఖకీ నచ్చదని తెలుసు. వాళ్లకి కావలసింది చవకగా అప్పు, ఆ అప్పు పుట్టేది పెద్ద మొత్తాల నుంచే. ఈ బాండ్ల గురించి చెప్తే మిషన్ ఆమె అడిగింది కూడా అదే: "మన పైసలు వాళ్లకెందుకక్కా? మల్ల ఇచ్చేటివైతే తీసుకునుడెందుకు?"