మోరీ నీళ్ళు

హోట్గి రోడ్డులో నిలబడి మీ నది ఏదని ఎవరైనా అడిగితే మనం తడుముకుంటాం. షోలాపూర్ నది ఒడ్డున వెలసిన ఊరు కాదు. 1871లో ఆదిలా వాగుకు అడ్డంగా కట్టిన ఎక్రుక్ చెరువు కొన్ని తరాల దాహం తీర్చింది. ఇప్పుడు భీమానది మీది ఉజని నీళ్ళు తాగుతున్నాం. ఆ ఆనకట్ట వెనుక నీళ్ళలో, భిగవన్ దగ్గర, చలికాలం ఫ్లెమింగోలు దిగుతాయి. మనవాళ్ళు పిల్లలతో వెళ్ళి చూసివస్తారు, సంతోషమే.

మరి మనం తిరిగి వదిలే నీళ్ళ మాట? చాదరు నూలుకు రంగు పట్టాలంటే తొట్టిలో ఉప్పు గుమ్మరించాలి. రంగునైనా కొంత తేర్చవచ్చు, కరిగిన ఉప్పు తేరదు. చిన్నప్పుడు మా కార్ఖానా వెనుక మోరీ చూసి, ఆ వారం ఏ రంగు చాదర్లో చెప్పేవాణ్ణి. మోరీ నాలాలోకి, నాలా సీనాలోకి. సీనా హత్తర్‌సంగ్ కుడల్ దగ్గర భీమలో, భీమ కృష్ణలో. అక్కడినుంచి జూరాల, పాలమూరు. మన తాతలు బతుకుదెరువుకు బయలుదేరి వచ్చింది ఆ దిక్కు నుంచే.

పూట గడవనివాడికి నీతులేమిటని మా కాకా అంటాడు. కాదనలేను. కాని దిగువన నీళ్ళు తోడుకునేవాడికీ పూట గడవాలిగా! శుద్ధి ఖర్చు చాదరు ధరలో వేద్దామన్నాను. "పక్క కార్ఖానావాడు వెయ్యడురా" అన్నాడు. అదీ నిజమే. అందుకే పక్కవాణ్ణీ కలుపుకొని, వచ్చే నెల పెద్దల ముందు ఈ మాటే అడగబోతున్నాను.