దుకాణం మూసిన ఆరేళ్లు



మన చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ 1 నుండి మద్యనిషేధం అమలైన సంగతి మీరెరిగినదే. స్త్రీలు ఏండ్ల తరబడి పోరాడి, 2010లో చిమూరు నుండి నాగపూరు దాకా కాలినడకన వెళ్లి అడిగితే వచ్చిన నిషేధమది. 2021 మే నెలలో రాష్ట్ర మంత్రివర్గము దానిని ఎత్తివేసినది. కొద్ది వారాలకే దుకాణాలు తెరిచారు.

మన సంఘములోని ఒక తల్లికి ఒక్కడే కుమారుడు. బొగ్గుగనిలో కాంట్రాక్టు పని. నిషేధము వచ్చిన మొదటి ఏడు అతడు వార్ధా నది దాటి యవత్‌మాళ్ జిల్లాలోకి పోయి తాగి వచ్చేవాడు. తర్వాత అదీ మానాడు. మేము సంతోషించి ఆదివారం ఆరాధనలో అతనిచేత సాక్ష్యం చెప్పించాము. అతని పేరు పిలిచి ముందుకు రమ్మన్నవాణ్ణి నేనే. దుకాణాలు తెరిచిన కొన్ని నెలలకు అతడు మళ్లీ తాగడం మొదలుపెట్టాడు.

ఆ తల్లి నన్ను అడిగింది: "అన్నా, ఆ ఆరేండ్లు వాడు నిజంగ మారినట్టా, దొరకక ఊకున్నట్టా?"

నాకు జవాబు తోచక, అంతా దేవుని చిత్తం అక్కా అన్నాను. ఆమె ఊరుకోలేదు. "తాగుడు గూడ దేవుని చిత్తమేనా?" అన్నది. నేను తల వంచుకొన్నాను. తలరాత అనే మాటను మనం విడిచిపెట్టామనుకొంటాము గాని, చాలాసార్లు దానికి దేవుని చిత్తమని పేరు మార్చి వాడుకొంటున్నాము.

ఈ ప్రశ్న పాతదే. నిర్గమకాండములో ఫరో తన హృదయమును తానే కఠినపరచుకొన్నాడని ఒకచోట, దేవుడు కఠినపరచెనని మరొకచోట చదువుతాము. ఫిలిప్పీ పత్రిక రెండవ అధ్యాయం 12, 13 వచనములలో పౌలు మన ప్రయాసను, దేవుని క్రియను పక్కపక్కనే పెట్టి, ఏది ఎక్కడ ముగుస్తుందో చెప్పడు. రెండవ శతాబ్దపు యూదా బోధకుడు అకీబా కూడా దేవునికి అన్నీ ముందే తెలుసునని, అయినా మనిషికి ఎన్నుకొనే అధికారం ఇయ్యబడినదని రెండూ చెప్పి ఊరుకొన్నాడు.

ఊరుకోక లోతుకు దిగినవారు కబ్బాలా పండితులు. కబ్బాలా అంటే హెబ్రీ భాషలో అందుకొన్నది, అనగా పెద్దలనుండి పారంపర్యముగా వచ్చినది. దీనిలో ముఖ్య గ్రంథం జోహార్ (మన జోహార్లు కాదు) 13వ శతాబ్దం చివర స్పెయిన్ దేశంలో వెలుగులోనికి వచ్చింది. ఈ పేరు చెప్పి తాయెత్తులు, ఎర్రదారాలు అమ్మేవారున్నారు, వారి జోలి మనకొద్దు. ఈ బోధను సంఘములోనికి తెమ్మని కూడా నేననడం లేదు. ఒక్క ఆలోచన మాత్రం మన గనులవారికి బాగా అర్థమౌతుందని రాస్తున్నాను.

గలిలయలోని సఫేదు పట్టణంలో ఇస్సాకు లూరియా అనే బోధకుడుండెను. 1572లో 38 ఏండ్లకే చనిపోయాడు. తాను రాసింది బహుకొద్ది, శిష్యుడు హయ్యీం వితాల్ రాసిపెట్టినదే మనకు దొరికింది. ఆయన బోధ ఇది: ఆదిలో అంతయు దేవుడే నిండియుండగా మరి దేనికీ చోటు లేదు. అందుచేత దేవుడు తన్ను తాను ముడుచుకొని, లోకానికి ఒక ఖాళీ చేశాడు. దీనిని వారు సిమ్‌సుమ్ అంటారు. మనిషి ఎన్నుకోగలుగుతున్నాడంటే ఆ ఖాళీలో నిలిచియుండుట వలననే అని తరువాతివారు గ్రహించారు. అయితే ఆ ఖాళీ ఉత్త ఖాళీ కాదు. నూనె ఒంపేసిన సీసాకు జిడ్డు మిగిలినట్టు దేవుని జాడ అందులో మిగిలియుండునట.

భూగర్భ గనిలో దిగినవారు ఇది వింటే తల ఊపుతారు. బొగ్గు తీస్తేనే మనిషి నిలబడే చోటు ఏర్పడుతుంది. అంతా తీస్తే పైకప్పు మీద పడుతుంది. అందుకే పిల్లర్లు విడిచిపెడతారు. చోటూ కావాలి, పిల్లరూ కావాలి.

కబ్బాలా చిత్రపటంలో కూడా మూడు స్తంభాలుంటాయి. కుడివైపున హెసెద్, అంటే దయ, దీనికి గుర్తు అబ్రాహాము. ఎడమవైపున దీన్, అంటే తీర్పు, కట్టడి, దీనికి గుర్తు ఇస్సాకు. రెండూ కలిసే నడుమ యాకోబు. దయలేని కట్టడి విడివడి పెరిగినప్పుడే చెడు పుడుతుందని వారి బోధ. కట్టడి లేని దయ గట్టు లేని నీరు. మోరీయా కొండమీద నీటివంటి అబ్రాహాము నిప్పువంటి ఇస్సాకును కట్టినప్పుడు ఈ రెండు గుణములు ఒకటిలో ఒకటి చేరినవని జోహార్ వివరిస్తుంది. ఈ భాగం చదివి నేను చాలాసేపు పుస్తకం మూయలేదు.

నిషేధము కట్టడి. దానిని నేను తక్కువచేయను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన స్త్రీలకు, ఆంధ్రలో 1995లో పూర్తి నిషేధం వచ్చి 1997లో సడలినప్పుడు ఏమి పోగొట్టుకొన్నామో తెలుసు. కాని ఆ కట్టడి అతని వెలుపల ఉండెను. ఇంటిలో తల్లి అతని అప్పులన్నీ తీర్చేది, అది దయ. రెంటి నడుమ అతని మనసు నిలబడవలసిన చోటులో మేము నిలబడ్డాము. సాక్ష్యం చెప్పమన్నాము, చప్పట్లు కొట్టాము. నీకేమి కావాలిరా అని ఒక్కనాడు అడగలేదు. కాబట్టి అతడు మారనూ లేదు, మోసమూ చేయలేదు. మారడానికి చోటు దొరికింది, ఆ చోటును మేము వాడనివ్వలేదు. ఆమెకు ఇట్లే చెప్పాను. తాగుడు ముదిరినవానికి ఆ చోటు మరీ ఇరుకౌతుంది గనుక వైద్యుని దగ్గరకు కూడా తీసుకెళ్లమన్నాను.

వైద్యం మొదలైంది. ఆమె అప్పులు తీర్చడం మానింది, తిట్టడమూ మానింది. అన్నం మాత్రం పెడుతుంది, రాత్రి తలుపు గడియ వేయదు. గని నుండి వారి ఇంటికి రెండు దారులున్నవి, ఒకటి దుకాణం ముందునుండి. మొన్న జీతం పడిన సాయంత్రం అతడు ఎనిమిదింటికి ఇల్లు చేరాడట. ఏ దారిన వచ్చావని ఆమె అడగలేదట.