మేలు కోరి చెప్పిన మందు

ఆరాధన ముగిసి బయటికి వచ్చిన తరువాత మనము ఒకరికొకరము చెప్పుకొను సలహాలలో ఇది ఒకటి: "ఆ కొలెస్ట్రాలు మాత్రలు లివరును పాడుచేయునండీ, మానేసి ప్రకృతిసిద్ధమైనది వాడండి." చెప్పువారికి స్వార్థమేమియు లేదు, మేలు కోరియే చెప్పుదురు. అయితే మేలు కోరినంత మాత్రమున ఆ మాటకు మనము జవాబుదారులము కాకపోదుమా? ఈ ప్రశ్ననే ఇక్కడ విచారింపగోరుచున్నాము.

ముందుగా "ప్రకృతిసిద్ధము" అను మాటను చూతము. డాక్టరు వ్రాయు ఈ మాత్రలను స్టాటిన్లు అందురు. వీటిలో మొదటిదానిని జపాను శాస్త్రజ్ఞుడు అకిరా ఎండో 1973లో కనుగొన్నది ఒక బూజునుండియే! చైనాలో ఎఱ్ఱ బూజుతో పులియబెట్టిన బియ్యము పూర్వమునుండి వాడుకలో నున్నది. ఇప్పుడు దానిని క్యాప్సూళ్ళుగా అమ్ముచున్నారు. విదేశములలోని పిల్లలు పంపగా కొన్ని ఇండ్లకు వచ్చుచున్నవి కూడ. అందులోని మొనాకొలిన్ కె అను పదార్థమును, 1987లో అమెరికా ప్రభుత్వము అనుమతించిన లోవాస్టాటిన్ అను మందును ఒక్కటే. కాబట్టి మాత్ర మాని దీనిని మ్రింగువాడు మందు మానినట్లు కాదు, మోతాదు తెలియని మందు మ్రింగుచున్నాడు. కండరముల నొప్పి, లివరు దోషము దీనివలనను రావచ్చును. మాత్రతో కలిపి వాడినచో ఆ అపాయము ఇంకను హెచ్చు. తయారీలో శుభ్రత లోపించినచో మూత్రపిండములకు ముప్పు. 2024లో జపానులో ఇట్టి ఎఱ్ఱ బియ్యపు మాత్రలు వాడినవారు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలైరి. వేరొక బూజు వలన పుట్టిన విషము అందులో చేరినదని తేలినది.

మన దేశపు గుగ్గులు సంగతి వేరు. 2003లో అమెరికాలో 103 మందిపై ఎనిమిది వారములు పరీక్షింపగా, చెడు కొలెస్ట్రాలు తగ్గకపోగా కొంచెము పెరిగినది. కొందరికి ఒంటిపై దద్దుర్లు లేచినవి. 2022లో వెలువడిన మరియొక పరీక్షలో 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్ 28 దినములలో చెడు కొలెస్ట్రాలును సుమారు 38 శాతము తగ్గించినది. వెల్లుల్లి, పసుపు, దాల్చినచెక్క, చేపనూనె మాత్రలు, చివరికి ఆ ఎఱ్ఱ బియ్యము కూడ చెప్పుకోదగినంత తగ్గింపలేదు. (వెల్లుల్లి కారము తినవద్దని మేము చెప్పుట లేదు! కూర వేరు, చికిత్స వేరు.)

కొలెస్ట్రాలు నొప్పి పెట్టదు. అందుచేత మాత్ర మానినవాడు హాయిగానే తిరుగును, సలహా ఇచ్చినవాడు తన మాట ఫలించినదని తలంచును. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకొన్నవారి విషయములో ఈ హాయి మిక్కిలి ప్రమాదకరము. డాక్టరు చీటిమీద ఆయన పేరు, సంతకము, తేదీ ఉండును. మన సలహామీద ఏమున్నది?

మాత్ర మానువారి బాధను తేలికగా తీసివేయరాదు. కాళ్ళు పీకుట నిజము కావచ్చును, ఖర్చు నిజము. ఆ మాట డాక్టరుతో చెప్పినచో మోతాదు తగ్గించుటకో, మాత్ర మార్చుటకో వీలున్నది. మన పెద్దలలో కొందరు మరాఠీలోనో ఒడియాలోనో ఆ సంగతి చెప్పుకొనలేక ఊరక తిరిగివచ్చుచున్నారు. వారికి మందు చెప్పుటకంటె వారి వెంట ఆసుపత్రికి వెళ్ళుట మేలు. వెళ్ళునప్పుడు మాత్రల చీటితోపాటు, పిల్లలు పంపిన ఆ సీసాను కూడ సంచిలో పెట్టుకొనవలెను.