పుట్టిన నెలా, ప్రతిభా

మనిషి యోగ్యతను పుట్టిన నక్షత్రాన్ని బట్టి నిర్ణయించటం మూఢత్వమని చదువుకున్నవాళ్ళమంతా ఒప్పుకుంటాం. జాతకం చూసి ఉద్యోగమిచ్చే యజమాని ఎక్కడైనా వుంటే వాణ్ణి చూసి నవ్వుతాం. కాని ఈనాడు శాస్త్రీయమని పేరు పొందిన క్రీడాశిక్షణ సంస్థలు కూడా చాలా దేశాల్లో పుట్టిన నెలను బట్టి పిల్లల్ని ఏరుకుంటున్నాయి. జాతకం చూసేవాడికి తాను జాతకం చూస్తున్న సంగతి తెలుసు. వీరికి తెలియదు. తాము చూస్తున్నది ప్రతిభ అనే వీరు నమ్ముతారు.

ఇది నేనేదో చమత్కారానికి అంటున్న మాట కాదు. కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మంచు హాకీ ఆటగాళ్ళ పుట్టిన తేదీలను పరిశీలించి 1985లో ఒక వ్యాసం ప్రచురించాడు. పెద్ద జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవారు ఎక్కువగానూ, అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో పుట్టినవారు బాగా తక్కువగానూ వున్నారు. అంతకు ఏడాది ముందే క్యుబెక్ రాష్ట్రంలో సిమోన్ గ్రోండాన్, ఆయన సహచరులు హాకీతో పాటు వాలీబాల్‌ను కూడా ఇదే దృష్టితో పరిశీలించారు. ఆ తరువాత అనేక దేశాల్లో, అనేక ఆటల్లో ఇదే వరస కనిపించింది. కుర్రవయసు వాలీబాల్ జట్లూ దీనికి మినహాయింపు కావు.

కారణం గ్రహచారం కాదు. పిల్లల్ని వయసు వారీగా జట్లు కట్టేటప్పుడు ఎక్కడో ఒక గీత గియ్యాలి. కెనడా హాకీలో ఆ గీత జనవరి 1. జనవరి 2న పుట్టినవాడూ, అదే ఏడు డిసెంబరు 30న పుట్టినవాడూ కాగితం మీద సమవయస్కులే. నిజానికి ఒకడు రెండోవాడి కన్న దాదాపు ఏడాది పెద్ద. పదేళ్ళ కుర్రవాడికి ఏడాది అంటే బతికిన కాలంలో పదోవంతు.

ఇంకా అనుమానమున్నవారు ఫుట్‌బాల్ సంగతి చూడవచ్చు. 1997లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆ గీతను ఆగస్టు 1 నుంచి జనవరి 1కి మార్చింది. ఆ మార్పు అమలైన బెల్జియంలో, అంతవరకు ఆగస్టు, సెప్టెంబరు నెలల పిల్లలకున్న ఆధిక్యం జనవరి, ఫిబ్రవరి నెలల పిల్లలకు జరిగిపోయింది. క్రీడాసమాఖ్య తీర్మానం చూసి నక్షత్రాలు తమ స్థానాలు మార్చుకోవు కదా!

వాలీబాల్‌లో ఈ చిక్కు మరింత సూటిగా తెలుస్తుంది. పెద్దల ఆటలో నెట్టు ఎత్తు మగవారికి 2.43 మీటర్లు, ఆడవారికి 2.24 మీటర్లు. నెట్టుకు ఎవరిమీదా పక్షపాతం లేదు. అందరికీ అది ఒకే ఎత్తున వుంటుంది. కాని పదమూడు, పద్నాలుగేళ్ళ మగపిల్లలు ఒక్క ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు పెరగటం వింత కాదు. ఆడపిల్లల్లో ఈ పెరుగుదల ఇంకా ముందే వస్తుంది. పైగా అంతర్జాతీయ కుర్రజట్ల పోటీలు రెండేళ్ళకొక తరగతిగా జరుగుతాయి. అంటే ఒకే జట్టు కోసం పోటీపడే ఇద్దరు పిల్లల మధ్య ఇరవైనాలుగు నెలల దాకా తేడా వుండవచ్చు. నెట్టు పైన చెయ్యి లేచినవాడు ప్రతిభావంతుడు, లేవనివాడు ఇంటికి.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పుకోక తప్పదు. నేను లెక్కల మేష్టరుగా పనిచేసిన రోజుల్లో, సాయంత్రాలు డ్రిల్లు మాస్టారికి తోడుగా వాలీబాల్ జట్టును ఎంపిక చేసేవాణ్ణి. ప్రతి ఏడూ కొందరు పొట్టి పిల్లలు ఆశగా వచ్చి నిలబడేవారు. "నీకీ ఆట రాదురా, చదువుకో పో" అని నేనే పంపేశాను. ఆ మాట కోపంతో అనలేదు; వాళ్ళ మేలు కోరే అన్నాను. పిల్లల తేదీలున్న అడ్మిషన్ రిజిస్టరు నా బీరువాలోనే వుండేది. దాన్ని ఒక్కసారీ తెరిచి చూడలేదు.

మరి నేను అన్యాయం చేసినట్టా, కాదా? దురుద్దేశం లేదు. బంధుప్రీతి లేదు. కులం చూడలేదు. కొలబద్ద అందరికీ ఒకటే. దుర్మార్గుడు ఎక్కడా లేని ఈ అన్యాయానికి బాధ్యుడెవరు? అసలు ప్రశ్న ఇదీ.

సమానులు కానివారిని ఒకే కొలతతో కొలవటం న్యాయం కాదని అరిస్టాటిల్ నాడే చెప్పాడు. 1971లో అమెరికన్ తాత్త్వికుడు జాన్ రాల్స్ మరికొంత ముందుకు పోయి, పుట్టుకతో వచ్చిన శక్తియుక్తులకు సైతం ఎవరూ నైతికంగా అర్హులు కారని వాదించాడు. ఈ వాదాన్ని చాలామంది ఒప్పుకోరు. పొడుగు మనిషి పొడుగు అతనిదే కదా అంటారు. సరే, అంతవరకు ఒప్పుకుందాం. కాని మన డిసెంబరు పిల్లవాడికి ప్రకృతి ఏ లోపమూ చెయ్యలేదు. వాడూ రేపు అంత పొడుగవుతాడేమో. వాణ్ణి పొట్టివాణ్ణి చేసింది ఎవరో కార్యాలయంలో గీసిన గీత. ప్రకృతి చేసినదానికి మనం జవాబుదారులం కాకపోవచ్చు. మనం గీసిన గీతకు మాత్రం తప్పకుండా జవాబుదారులమే.

ఎంపిక అయిన పిల్లవాడికి మంచి శిక్షకుడు, మంచి తిండి, పై ఊళ్ళలో పోటీలు దొరుకుతాయి. అయిదేళ్ళు గడిచాక వాడు నిజంగానే మెరుగైన ఆటగాడవుతాడు. అప్పుడు ఎంపిక చేసినవాడు, "చూశారా, నా కన్ను తప్పదు" అంటాడు. తప్పు తానే సాక్ష్యాన్ని సృష్టించుకుని ఒప్పుగా చలామణి అవుతుంది. వున్నవాడికే మరింత చేరే ఈ తీరును సమాజశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ 1968లోనే విజ్ఞానరంగంలో చూపించాడు.

దీనికి ఒక సమాధానం చెబుతారు: శిక్షకుడి పని గెలవటం, న్యాయం చెయ్యటం కాదు. అలాగే అనుకుందాం. కాని అతనికి కావలసింది ఇరవయ్యేళ్ళకు పొడుగయ్యేవాడా, పద్నాలుగేళ్ళకు పొడుగైనవాడా? ఉత్తర అమెరికా హాకీ లీగు 1980 నుంచి 2006 వరకు తీసుకున్న ఆటగాళ్ళను పరిశీలిస్తే, ఏడాది చివర పుట్టినవారు తమ ఆటకు తగినదాని కన్న వెనక వరసలో ఎంపికైనట్టు 2013లో తేలింది. అంటే అన్యాయం లాభసాటి కూడా కాదన్నమాట.

ఇంకొకటి అంటారు: అవరోధాలు దాటి వచ్చిన చిన్నవాడు గట్టివాడవుతాడు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఇది గట్టు చేరినవాడి సాక్ష్యం. మునిగిపోయినవాడు వచ్చి సాక్ష్యం చెప్పడు.

మన పల్లెల్లో ఈ విషయానికి మరో ముఖం వుంది. ఒక తరం వారందరికీ రెండు పుట్టినరోజులు. ఒకటి "ఫలానా తుఫాను వచ్చిన ఏడు" అని తల్లి చెప్పేది, రెండోది బళ్ళో వేసిన రోజున పంతులుగారు రాసిన జూన్ 1 గాని, జూలై 1 గాని. నా సర్టిఫికెట్టులోనూ జూలై 1 వుంది. ఉద్యోగంలో ఒక ఏడాది కలిసివస్తుందని వయసు తగ్గించి రాయించిన తండ్రులెందరో. ఈనాడు ఆటల కోసమూ తగ్గిస్తున్నారు. దాన్ని పట్టుకోవటానికి పిల్లల ఎముకలకు ఎక్స్‌రేలు తీస్తున్నారు. ఈ మోసం క్షమించదగింది కాదు. ఎందుకంటే అది నిజం చెప్పిన పిల్లవాడి చోటు లాక్కుంటుంది. కాని ఆ తండ్రికి తెలిసిన రహస్యమేమిటి? నెలలకు ధర వుందని. ఆ ధర పెట్టిన ఏర్పాటును ప్రశ్నించకుండా తండ్రిని మాత్రమే దోషిని చేస్తే సగం న్యాయమే అవుతుంది.

గీత లేకుండా పోటీ నడవదు. నిజమే. అయితే గీత బరువు ఎల్లకాలం ఒకే నెలల పిల్లల మీద పడనక్కరలేదు. ఏటా దాన్ని జరపవచ్చు. 2017లో ప్రచురించిన ఒక డచ్చి పరిశోధన ఇంకా ఆలోచింపజేస్తుంది. కుర్రవాళ్ళ ఫుట్‌బాల్ చూసే ఎంపికదార్లకు ఆటగాళ్ళ పుట్టిన తేదీల జాబితా చేతికిచ్చినా పక్షపాతం పోలేదు. చొక్కాల మీది అంకెలను వయసు వరసలో వేసి, ఆ సంగతి చెబితే పోయింది. నిజం కాగితం మీద వుంటే చాలదు. తీర్పు చెప్పే క్షణంలో అది కళ్ళెదుట వుండాలి.

నా బీరువాలోని రిజిస్టరు సంగతీ అంతే. తెలియక చేసినందుకు నేను నేరస్తుణ్ణి కాకపోవచ్చు. తెలుసుకునే వీలుండి తెలుసుకోనందుకు బాధ్యుణ్ణే. ఇప్పుడు అందరికీ తెలిసింది గనక, ఇక ముందు తెలియదనే సాకు ఎవరికీ లేదు. ఆనాడు ఆ పిల్లలతో "నీకు రాదు" అన్నాను. నేను అనవలసింది "నీకింకా రాలేదు" అని.