నిగ్రహము ఎవరి బాధ్యత?

“ఈ కాలపు పిల్లలకు నిగ్రహము లేదు” అను మాట నేడు ప్రతి గృహమునందును వినవచ్చుచున్నది. అన్నము ముందు కూర్చుండియు ఫోను విడువరు, అర్ధరాత్రి దాటినను నిద్రింపరు, చదువునందు మనస్సు నిలుపరు అని పెద్దలు వాపోవుచున్నారు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. అయినను దోషమెవ్వరిదని నిర్ణయించుటకు ముందు విచారింపవలసిన ధర్మసూక్ష్మ మొకటి కలదు. ఇంకను పూర్తిగా ఏర్పడని శక్తిని చూపలేదని ఒకరిని నిందించుట న్యాయమా?

మానవుని మెదడులోని భాగములన్నియు ఒకేసారి పరిపక్వము కావు. సంతోషమును, ఉద్రేకమును, తోడివారి మెప్పును కోరు లోపలి భాగములు యౌవనారంభముననే చురుకుదనము వహించును. మంచిచెడ్డలు తూచి “చాలును, ఆగుము” అని ఆజ్ఞాపించు భాగము నొసటి వెనుక నున్నది. అది ఇరువదియైదేండ్ల ప్రాంతము వరకును పెరుగుచునే యుండును. ఈ నడిమికాలమున కోరిక ముందు నడచును, వివేకము వెనుక వచ్చును. ఇది ప్రకృతి పెట్టిన వరుసయే కాని పిల్లల దుర్బుద్ధి కాదు. క్రొత్త స్నేహములు చేయు చొరవ, క్రొత్త విద్యలు నేర్చు సాహసము కలుగుటయు ఈ వరుసవలననే.

సామాజిక మాధ్యమములు సరిగా ఈ సంధియందే ప్రవేశించినవి. 2009లో ఫేస్‌బుక్‌నందు “లైకు” బొత్తాము వెలసినది. పూర్వము తోడివారి మెప్పు చూపునందో చిరునవ్వునందో తెలియుచుండెడిది, ఇప్పుడది అంకెయైనది. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 13 మొదలు 18 ఏండ్ల ప్రాయముగల 32 మందిని పరీక్షించి 2016లో ఫలితములు ప్రకటించిరి. తమ ఛాయాచిత్రములకు లైకులు ఎక్కువగా కనబడినప్పుడు వారి మెదడులోని సంతోషకేంద్రము అధికముగా స్పందించెను. ఒకే చిత్రమును కొందరికి ఎక్కువ లైకులతోను, కొందరికి తక్కువ లైకులతోను చూపగా, ఎక్కువ లైకులతో చూచినవారే దానిని మెచ్చుటకు మొగ్గిరి. చిత్రము మారలేదు, అంకె మారినంతనే అభిప్రాయము మారినది.

ఇంకొక విశేషము. పుస్తకమునకు చివరి పుట కలదు, సినిమాకు “శుభం” కలదు. వ్రేలితో త్రోసినకొలది వచ్చు ఈ దృశ్యములకు ముగింపు లేదు. ఆపవలసిన భారమంతయు చూచువాని నిగ్రహముపైననే పడినది. ఆ నిగ్రహమో, ఇంకను లేతది.

అట్లయిన పిల్లలకు బాధ్యతయే లేదా? కలదు. మెదడు అభ్యాసమువలననే బలపడును, నిగ్రహమును అట్టిదే. కావున ఫోను లాగికొనుటతో పని తీరదు. దూరపు మిత్రులతో మాటలాడుటకు, పాఠములు వినుటకు అది సాధనమనియు మరువరాదు. ఆస్ట్రేలియాలో 16 ఏండ్లలోపు వారికి ఈ మాధ్యమములలో ఖాతాలుండరాదను చట్టము 2025 డిసెంబరు 10 నుండి అమలులోనికి వచ్చినది. అందులో గమనింపదగినది శిక్షావిధానము. జరిమానా 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల వరకు సంస్థలకే గాని, పిల్లలకును తల్లిదండ్రులకును లేదు. భారము బలవంతునిపై నుంచుట ధర్మసమ్మతమే. కాని ఏ చట్టమును మన వంటయింటిలోనికి, పడకగదిలోనికి రాజాలదు. అచ్చట బలవంతులము మనమే.

రైతు క్రొత్త కోడెను కాడి కట్టునపుడు దానిని ఒంటరిగా విడువడు. పనికి అలవాటుపడిన ఎద్దును జోడు చేయును. కోడె దారి తప్పబోయినప్పుడు ప్రక్కనున్న ఎద్దు నడకయే దానిని చాలులోనికి తెచ్చును. కొరడా చేయలేని పని జోడు చేయును. భోజనవేళను, నిద్రవేళను ఇంటనున్న ఫోనులన్నియు ఒకచోట నుంచుడు. పిల్లలవి మాత్రమే కాదు, పెద్దలవియు. తండ్రి తన ఫోనునుండి కన్నెత్తకయే “ఫోను పెట్టివేయుము” అని పలికిన యెడల పిల్లవాడు మాటను గాక నడకనే నేర్చును. తల్లిదండ్రులారా! మన బిడ్డలకు వివేకము తనంత తాను వచ్చు దినము వరకు, మన నిగ్రహమును వారికి జోడుగా కట్టుదము.