రాముడు జటాయువును బతికించలేదు. మరి ఏం చేశాడు?



ఈ వారం వీడియోలో అరణ్యకాండ చెప్పుకుంటూ జటాయువు దగ్గర ఆగాం కదా. అక్కడ ఒక్క సంగతి గమనించండి. రాముడు జటాయువును బతికించలేదు. రెక్కలు తెగి నెత్తురు మడుగులో పడి ఉన్న ఆ పక్షిని దగ్గరికి తీసుకున్నాడు. ఒళ్ళు నిమిరాడు. చెప్పింది విన్నాడు. ప్రాణం పోయాక చితి పేర్చి, కన్నకొడుకులా కర్మ చేసి, గోదావరిలో నీళ్ళు వదిలాడు. సీతమ్మ కనపడక అల్లాడుతున్న సమయంలో కూడా "ఇక చేసేదేం లేదు" అని ముందుకు సాగిపోలేదు.

"ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండి." ఆసుపత్రిలో ఈ మాట విన్న కుటుంబాలు మనలో ఎన్నో. నిజాంసాగర్ పక్కన మహమ్మద్‌నగర్ లాంటి ఊరి నుంచి క్యాన్సర్ వచ్చిన నాన్నను హైదరాబాద్ తెచ్చిన కొడుకును ఊహించుకోండి. డబ్బులు అయిపోయాయి. నాన్న నొప్పితో రాత్రంతా మూలుగుతున్నాడు. ఉన్నది అద్దె గది, అక్కడ చావు జరిగితే ఓనర్ ఒప్పుకోడు. ఎక్కడికి పోవాలి?

ఇలాంటి వాళ్ళ కోసమే హాస్పిస్‌లు ఉన్నాయి. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వాళ్ళు 2011లో హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ మొదలుపెట్టారు. ఇప్పుడు ఖాజాగూడలో 82 పడకలతో నడుస్తోంది. పేషెంట్ దగ్గర పైసా తీసుకోరు, దాతల డబ్బుతోనే అంతా. అక్కడ నొప్పి తగ్గడానికి డాక్టర్ లెక్క ప్రకారం మందు ఇస్తారు, పుండ్లు కడుగుతారు, పక్క మారుస్తారు, ఎండిన నోరు తడుపుతారు. ఇంట్లోవాళ్ళకు ధైర్యం చెప్తారు. జటాయువుకు రాముడు చేసింది ఇదే కదా!

"వైద్యం ఆపేస్తే పాపం కాదా? అమ్మానాన్నలను వదిలేసినట్టు కాదా?" అని చాలామంది లోపల కుమిలిపోతారు. భీష్ముణ్ణి గుర్తు చేసుకోండి. అంపశయ్య మీద ఉన్నప్పుడు దుర్యోధనుడు బాణాలు తీసే వైద్యులను పిలిపించాడు. భీష్ముడు వాళ్ళకు డబ్బిచ్చి, మర్యాద చేసి పంపించేయమన్నాడు. కానీ వేలాడుతున్న తలకు దిండు అడిగాడు, దాహానికి నీళ్ళు అడిగాడు. రాజులు తెచ్చిన మెత్తటి దిండ్లు వద్దన్నాడు. ఆయనకు ఏది కావాలో అర్జునుడు గ్రహించి, బాణాలతోనే తలగడ అమర్చాడు, బాణం వేసి పాతాళ జలం పైకి తెప్పించాడు. నయమవుతుందని డాక్టర్ చెప్తే వైద్యం చేయించడమే ధర్మం. నయం కాదని తేలాక, ఆ మనిషికి ఏం కావాలో అడిగి తెలుసుకుని చేయడం కూడా అంతే ధర్మం.

ఇది మనకు కొత్త కాదు. కాశీలో ముక్తిభవన్ 1958 నుంచి చివరి రోజుల్లో వచ్చేవాళ్ళకు గది ఇస్తోంది. అక్కడ భజన వింటూ, ఇంట్లోవాళ్ళ మధ్య కన్నుమూస్తారు.

ఫ్రెండ్స్, మనలో చాలామందిమి ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళం. డబ్బు పంపడం మనకు తేలిక, పక్కన కూర్చోవడం కష్టం. కాబట్టి ఈ నెల ఒక్క పని చేద్దాం. పుట్టినరోజు పార్టీ ఖర్చులో కొంత ఒక హాస్పిస్‌కు ఇద్దాం. వీలుంటే వాళ్ళను అడిగి, ఒక గంట వెళ్ళి కూర్చుందాం. ఊళ్ళో ఎవరైనా మంచాన పడి నొప్పితో బాధపడుతుంటే, ఇంటికే వచ్చి చూసే ప్రభుత్వ 'ఆలన' సేవ గురించి జిల్లా ఆసుపత్రిలో అడిగి వాళ్ళకు చెబుదాం.

జటాయువు రాముడికి చుట్టం కాదు, తండ్రికి స్నేహితుడు. ఆ మాత్రం బంధం రాముడికి చాలింది. మన ఊరివాడు, మన వీధివాడు అన్న బంధం మనకు చాలదా?

వచ్చే వీడియోలో శబరి దగ్గర కలుద్దాం. జై శ్రీరామ్.