పానదోషమును పొరుగువారి ధర్మమును

ఒక యింట తండ్రి త్రాగివచ్చి బిడ్డను కొట్టెను. ఆ పాప మెవ్వరిది? ఈ ప్రశ్నకు మనలో ననేకులు తడుముకొనక చెప్పెడి యుత్తరములు రెండు. త్రాగుడుదే యని కొందరందురు. తండ్రిదే యని మరికొందరందురు. ఏ యుత్తరము చెప్పినను చెప్పినవారికి తమ పని తీరినట్లే యుండును. వారు గడియ వేసికొని నిద్రింతురు. బిడ్డ యేడ్పు మాత్రము గోడ దాటి వచ్చుచునే యుండును. ఆ వీధిలో కాపురముండు మనకు ఆ పాపమున భాగమున్నదా లేదా యన్నదే యిచట విచారింపదగిన విషయము.

త్రాగుడే చేయించినదను మాటను మొదట చూతము. 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతిలోని 85, 86 సెక్షనులును, దాని స్థానమున 2024వ సంవత్సరము జులై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 23, 24 సెక్షనులును ఈ విషయమున నొక్క తీరుగనే యున్నవి. ఒకనికి తెలియకుండగనో బలాత్కారముగనో మత్తుపదార్థము నిచ్చినయెడల వాని మతిలేనితనము వానికి రక్ష యగును. తనంతట తాను త్రాగినవానికి అట్టి రక్ష లేదు. ఇది న్యాయమే. మొదటి గ్లాసు నోటి కెత్తునప్పుడు వాని చేయి వాని వశముననే యుండెను గదా! కావున త్రాగుబోతును నిర్దోషిగా విడుచుట ధర్మము కాదు.

అయితే దోషము వానితోడనే ముగియునా? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున బ్రిడ్జెట్ ఫ్రైస్ట్‌లర్ అను విదుషియు ఆమె సహచరులును 2004వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధనలలో ఒక్కొక్క యింటిని గాక పేటలను పరీక్షించిరి. జనసంఖ్యతో పోల్చి చూడగా, కూర్చుండి త్రాగెడి బారులు హెచ్చుగా నున్నచోట బిడ్డలను ఆలనాపాలనా లేక విడుచుటయు, సీసాలు కొని యింటికి గొనిపోవు దుకాణములు హెచ్చుగా నున్నచోట బిడ్డలను కొట్టుటయు హెచ్చుగా గనబడెను. దీని భావ మూహింపవచ్చును. తండ్రి బారులో నున్నంతసేపు బిడ్డకు దిక్కు లేదు. సీసా యింటికి వచ్చినప్పుడు బిడ్డకు దాపు లేదు.

బీదపేటలలోనే యట్టి దుకాణములు వెలయును గాన బీదతనమే రెంటికిని మూలమనరాదా యని యొకరు వాదింపవచ్చును. ఆ పరిశోధకులు పేదరికమును గూడ లెక్కలో పట్టియే యీ సంబంధమును చూపిరి. అయినను, రెండు విషయములు జంటగా కనబడినంతమాత్రమున నొకటి రెండవదానికి కారణమని రుజువు కాదని న్యాయవాదినైన నేను ఒప్పుకొనవలసినదే. కాని శిక్ష విధించుటకు చాలని సాక్ష్యము జాగ్రత్తపడుటకు చాలును. నూతి గట్టున నాడుకొను బిడ్డను వెనుకకు లాగుటకు, బిడ్డ పడితీరునన్న రుజువు నెవ్వరు కోరుదురు?

మన గుంటూరు, పల్నాడు, ఒంగోలు సీమల వంకకు చూపు మరల్పుడు. నల్లరేగడి చేలలో ప్రత్తితీత, మిరపకోత నెలలు రాగానే దూరపు టూళ్లనుండి కూలికుటుంబములు బిడ్డలతో వచ్చి చేలగట్లపై గుడిసెలు వేసికొనును. కూలిడబ్బు చేతబడిన సాయంకాలమున త్రోవలో మొదట తగులునది బియ్యపుకొట్టా, బ్రాందీదుకాణమా యన్నదానిపై ఆ రాత్రి పొయ్యి వెలుగుట యాధారపడి యుండును. ఎనిమిదేండ్ల పిల్ల చంటివానిని చంక నెత్తుకొని బడి మానును. పదేండ్ల బాలుడు తండ్రికి సీసా తెచ్చుటకై బెల్టుదుకాణమునకు పోవును. ఆ బాలుని చేతికి సీసా యందిచ్చువా డెవ్వడు? పొరుగువాడే. 2015వ సంవత్సరపు బాలన్యాయ చట్టము 78వ సెక్షను బిడ్డలచేత మద్యము మోయించుటకును అమ్మించుటకును ఏడేండ్లవరకు కఠినశిక్ష విధించుచున్నది. సంరక్షకుడే బిడ్డను హింసించినను, బుద్ధిపూర్వకముగా నిర్లక్ష్యము చేసినను 75వ సెక్షను ప్రకారము మూడేండ్లవరకు ఖైదు గలదు. శాసనమునకు నోరున్నది, దానిని పలికింపవలసిన వీధికి నోరు లేదు.

వీధి యేల మౌనము వహించును? “అది వారి యింటి గుట్టు, కన్నవాడు కొట్టుకొనును, మన కేల?” అందురు. ఈ వాక్యమున నొక మతము దాగియున్నది: బిడ్డ తండ్రి సొత్తు అనునది. ఏకేశ్వరుని నమ్మిన మనము దీనిని సహింపరాదు. బిడ్డను సృజించినవాడు తండ్రి కాడు, పరమేశ్వరుడు. తండ్రి ధర్మకర్త మాత్రమే. ధర్మకర్త సత్రపు సొమ్ము దుర్వినియోగము చేసినప్పుడు ఊరివారు ప్రశ్నింతురు. అది వాని యింటి గుట్టని యెవ్వరును ఊరకుండరు. సత్రమునకున్న పాటి రక్షణము శిశువునకు వలదా? మైనరు తానై దావా వేయలేడు గాన వాని పక్షమున మరియొక పెద్ద నిలువవలయునని మన సివిల్ విధానము చెప్పుచు, అట్లు నిలిచినవానిని మిత్రుడను పేరనే పిలుచుచున్నది. న్యాయస్థానమున బిడ్డకు మిత్రుడు కావలయునని శాసనము కోరగా, వీధిలో బిడ్డకు మిత్రుడు లేకపోవుట మనకు సిగ్గుచేటు కాదా?

మద్యపానమును ఖండించుట బ్రహ్మసమాజమునకు క్రొత్త కాదు. కేశవచంద్రసేనుడు బాలురను పానమునుండి మరల్చుటకు సంఘము నేర్పరచెను. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు మద్యనిషేధమును, అనాథశరణాలయమును ఒకే వ్రతముగా భావించిరి. 1937లో రాజాజీ మంత్రివర్గము సేలము జిల్లాలో నిషేధము నారంభించి, పోయిన యాబ్కారీ యాదాయమునకు బదులుగా 1939లో అమ్మకపు పన్నును తెచ్చెను. త్రాగుబోతుల డబ్బు లేనిదే బడులు నడువవనువారికి ఇది యానాడే యీయబడిన సమాధానము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరదీక్షలో చదివిన పాఠమును ఆచరణమున బెట్టి సారాదుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమెల్ల వ్యాపింపగా 1993 అక్టోబరు 1న సారా నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధమును వచ్చెను. 1997లో రెండవది సడలెను. శాసనము వచ్చుచు పోవుచుండును. దూబగుంటలో ముందు కదలినది శాసనము కాదు, పొరుగు.

అట్లని తలుపులు మూసినంతమాత్రమున వ్యాధి కుదురదు. 2020లో, కరోనా కట్టడిచే దుకాణములు మూతబడియున్నవేళ, ప్రకాశము జిల్లా కురిచేడులో చేతులు శుద్ధిచేసికొను శానిటైజరును త్రాగి పదిమందికి పైగా మరణించిరి. వారును తండ్రులే, అన్నలే. వ్యసనమున బడినవానికి వైద్యమును సాంగత్యమును కావలయును, తిట్టు చాలదు. బిడ్డను రక్షించుటయు తండ్రిని స్వస్థపరచుటయు ఒకే ధర్మమునకు రెండు చేతులు.

ఇక మన పాలు విచారింతము. దుకాణమున కద్దెకిచ్చిన గది యెవ్వరిది? పని పూర్తియైన దినమున కూలీలకు సంతోషముగా పోయించు సీసా వెల చెల్లించునది యెవ్వరు? ఎన్నికలవేళ సీసాలు పంచు పెద్దమనిషితో నొక వేదికపై కూర్చుండువా రెవ్వరు? మేడపై తలుపు బిగించి త్రాగినది నాగరకము, చెట్టుక్రింద త్రాగినది దురాచారము అను భేదమును కల్పించినవా రెవ్వరు? ఈ ప్రశ్నల కుత్తరములు పేదల గుడిసెలలో దొరకవు.

కావున విద్యావంతులగు సోదరసోదరీమణులారా! మన స్థలమును మద్యవిక్రయమునకు అద్దెకీయక పోవుదము. కూలిని పగటివేళనే, స్త్రీ కూలిని స్త్రీచేతికే యిత్తము. మన చేలకు వచ్చినవారి బిడ్డలను కోతనెలలలో సమీపపు బడిలో చేర్పింతము. రాత్రి యేడ్పు వినబడినప్పుడు పోయి తలుపు తట్టుదము. తట్టినను తెరువనియెడల 1098 అను బాలసహాయ సంఖ్యకు తెలుపుదము. పొరుగింటివాడు కోపగించును, మరునాడు పలుకరింపడు. అంతకుమించిన నష్టము మనకు లేదు. తట్టకపోయినచో కలుగు నష్టమును మనము గాక మరియొకరు, తమ కొరకు తాము మాటాడలేనివారు, అనుభవింతురు.